కిటికీ సీటు నుంచి మన కొండలు: చిన్న విమానంలో వెళ్తూ ఫొటోలు తీయడం ఎలా

మా నాయనను మొదటిసారి విమానంలో హైదరాబాద్ నుంచి కడపకు తీసుకొచ్చిన రోజు, ఆయన ముందు వరుసలో కిటికీ పక్కన కూర్చున్నాడు, నేను వెనక వరుసలో. నా చేతిలో మంచి కెమెరా ఉంది. కనిపించిందల్లా తీసుకుంటూ పోయాను. ఆయన మాత్రం అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు ఊరికే చూశాడు. దిగడానికి ఇంకో పదిహేను నిమిషాలు ఉందనగా సీట్ల సందులోంచి వెనక్కి తిరిగి, "అబ్బీ, అదిగో మైలవరం నీళ్లు. దానికి ఎగువన నల్లగా గీత మాదిరి ఉండేది గండికోట. అది తియ్యి" అన్నాడు.

నాపరాతి గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి ఆయన. నేలను పైనుంచి చూడటం అదే మొదటిసారి. అయినా ఏ నీళ్ల పక్కన ఏ కొండ ఉంటుందో ఆయనకు తెలుసు కాబట్టి గుర్తుపట్టేశాడు. ఇంటికొచ్చి చూసుకుంటే నేను తీసిన నూట అరవై ఫొటోల్లో నిలిచినవి నాలుగు. నాలుగూ ఆయన వేలు చూపిన వైపు తీసినవే.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఈ ప్రయాణాలు గంట, గంటంపావు. అందులో మన రాయలసీమ కొండలు బాగా కనిపించేది పదిహేను ఇరవై నిమిషాలే. కింద ఏముందో ముందే తెలిస్తే ఆ కాసేపు ఫొటోలు తీయడానికి సరిపోతుంది. తెలియకపోతే వెతుక్కోవడానికే అయిపోతుంది. అందుకే ఇక్కడ చెప్పేవాటిలో సగం విమానం ఎక్కకముందు చేయాల్సిన పనులు.

చిన్న విమానం అంటే ఇక్కడ ముఖ్యంగా ఏటీఆర్ 72. డెబ్బై చిల్లర సీట్లు, రెండు పంకాలు, రెక్కలు కిటికీల పైన. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజే, 2017 ఏప్రిల్ 27న, కడప–హైదరాబాద్ మధ్య ఇలాంటి విమానమే ఎగిరింది. ఓర్వకల్లులోని కర్నూలు విమానాశ్రయానికి 2021 మార్చి చివరి నుంచి ఇవే వస్తున్నాయి. కొండల ఫొటోలకు ఇంతకంటే మంచి విమానం మామూలు టికెట్ మీద దొరకదు. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందికి చూపు అడ్డం లేకుండా పోతుంది. పెద్ద జెట్‌లు 30 వేల అడుగులు దాటి పోతే ఇది 25 వేలు దాటదు, చిన్న దూరాలకైతే ఇంకా కిందనే ఎగురుతుంది.

మొదటి పని: మ్యాప్ ముందు కూర్చోండి

ప్రయాణానికి రెండు రోజుల ముందు ఉపగ్రహ చిత్రాలుండే మ్యాప్ తెరిచి, ఎక్కే ఊరి నుంచి దిగే ఊరికి ఒక గీత గీయండి. ఆ గీతకు అటూ ఇటూ 40 కిలోమీటర్ల వరకు ఏమున్నాయో చూసి ఓ కాగితం మీద రాసుకోండి. విమానం సరిగ్గా ఆ గీత మీదే పోదు, ఒక్కోసారి బాగా పక్కకు జరుగుతుంది. అయినా కొండల వరుస తెలుస్తుంది.

గుర్తుకు నీళ్లను మించింది లేదు. పైనుంచి కొండలన్నీ ఒకేలా కనిపిస్తాయి, చెరువులూ ప్రాజెక్టులూ మాత్రం దేని ఆకారం దానిదే. గండికోట దొరకాలంటే గండికోటను వెతకొద్దు. ఎగువన గండికోట ప్రాజెక్టు నీళ్లు, దిగువన మైలవరం నీళ్లు, ఈ రెండింటి మధ్య పెన్నా కోసిన లోయ అని పెట్టుకోండి. అలాగే శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు నల్లమల సందుల్లోకి వేళ్లు చాచినట్టు పోతాయి. అవి కనిపించాయంటే నల్లమల మొదలైనట్టే. ఓర్వకల్లు దగ్గర నీళ్లకు బదులు గని, శకునాల గ్రామాల సోలార్ పార్కు ఉంది. వెయ్యి మెగావాట్ల పార్కు కదా, ఎండలో ముదురు నీలం దుప్పటి ఆరేసినట్టు కనిపిస్తుంది.

మ్యాప్‌ను ఫోన్లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి. ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా చాలా ఫోన్లలో జీపీఎస్ పనిచేస్తుంది. ఫోన్‌ను కిటికీకి దగ్గరగా ఓ నిమిషం పట్టుకుంటే మీరు ఎక్కడున్నారో చుక్క పడుతుంది. నాకు ఇది అలవాటయ్యాక చేతిలో కాగితం అవసరం తగ్గింది.

రెండో పని: ఏ వైపు, ఏ వరుస

సీటుకు కొంచెం డబ్బు ఎక్కువైనా సరే, మీరే ఎంచుకోండి. ముందు వరుసల్లో కూర్చుంటే పంకా తిరిగే చోటు మీ ఎదురుగానే ఉంటుంది. ఫోన్ కెమెరాలో ఆ పంకా రెక్కలు కొడవళ్లలా వంగి, ముక్కలు ముక్కలుగా గాలిలో తేలుతూ పడతాయి. సెన్సర్ చిత్రాన్ని ఒకేసారి కాకుండా వరుసవరుసగా చదువుతుంది కాబట్టి అలా వస్తుంది, ఎడిటింగ్‌లో అది పోదు. మధ్యలో చక్రాల గూడు, ఇంజిన్ అడ్డం వస్తాయి. అందుకే వెనక మూడో వంతులో కూర్చోండి. అక్కడి నుంచి చూస్తే కిందా వెనకా అంతా ఖాళీ. పైగా ఏటీఆర్‌కు ఎక్కే తలుపు వెనకే ఉంటుంది, త్వరగా కూర్చుని సర్దుకోవచ్చు.

వైపు విషయానికొస్తే నేను పాటించే లెక్క ఇది.

హైదరాబాద్ నుంచి కడపకు విమానం దాదాపు నేరుగా దక్షిణానికి వస్తుంది. ఎడమ కిటికీలో నల్లమల, కుడి కిటికీలో నంద్యాల వైపు కుందూ మైదానం, ఆ తర్వాత దూరంగా ఎర్రమల, గండికోట. ఉదయమైతే కుడివైపు తీసుకోండి, సూర్యుడు అవతలి పక్క ఉంటాడు.

చెన్నై నుంచి కడపకు వాయవ్యంగా వస్తుంది. ఎడమవైపు శేషాచలం, పాలకొండలు. ఉదయం పూట ఆ కొండల మీద వెలుగు పక్క నుంచి పడుతుంది, ప్రతి వంకా నీడతో గీసినట్టు ఉంటుంది. మన దారుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన కిటికీ ఇదే. దారి కాస్త కలిసొస్తే మంగంపేట ముగ్గురాయి గని కూడా బూడిద రంగు మెట్ల బావిలా కనిపిస్తుంది.

బెంగళూరు నుంచి కర్నూలుకు ఉత్తరంగా వెళ్తుంది. ఉదయమైతే ఎడమవైపు పెనుకొండ, అనంతపురం గుట్టలు. సాయంత్రమైతే కుడివైపు తాడిపత్రి, ఎర్రమల. విజయవాడ నుంచి కడపకు ఉదయం వస్తుంటే కుడివైపు.

ఏ దారిలో ఏ రోజు విమానం ఉందో మారుతూనే ఉంటుంది, టికెట్ తీసేటప్పుడు చూసుకోండి. తిరుగు ప్రయాణంలో ఎడమ కుడి తారుమారవుతాయి. ఇది చెప్పాల్సిన పని లేదనిపిస్తుంది గానీ నేనే ఒకసారి అలా పొరపాటు పడి గంటసేపు ఎండకు ఎదురు కూర్చున్నాను.

మూడో పని: కాలం, వేళ

ఏప్రిల్, మే నెలల్లో గాలి నిండా దుమ్ము, వేడి. కొండలు పాలు కలిపినట్టు తెల్లబోతాయి. ఆ నెలల్లో నేను కెమెరా బయటికి తీయను. అసలైన కాలం సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ వరకు. వానలు దుమ్మును కడిగేస్తాయి, పెన్నాలో నీళ్లుంటాయి, కొండలు పచ్చగా ఉంటాయి. తెరిపిచ్చిన మర్నాడు, లేదంటే ఆ మరుసటి రోజు ప్రయాణం పడితే అదృష్టమే. జనవరి ఉదయాలు చూడటానికి చల్లగా, ప్రశాంతంగా ఉంటాయి కానీ కింద పొగమంచు తెర ఉంటుంది. అయితే ఆ తెరలోంచి కొండల నెత్తులు మాత్రమే బయటికి వచ్చి ఉంటే ఆ ఫొటో వేరు.

వేళ మాట చెప్పాలంటే ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం మూడున్నర తర్వాత. నడి మధ్యాహ్నం ఎండ నెత్తిన పడితే నల్లమల కూడా చదును నేలలా కనిపిస్తుంది. పైనుంచి చూసేటప్పుడు కొండ ఎత్తును మనకు చెప్పేది దాని నీడే.

సూర్యుడు మీ వెనక ఉంటే రంగులు బాగా వస్తాయి. పక్కన ఉంటే మడతలు కనిపిస్తాయి. ఎదురుగా ఉంటే రంగు పోయి ఒకదాని వెనక ఒకటిగా కొండల వరుసలు మాత్రం మిగులుతాయి. మూడూ మంచివే. కానీ ఎదురెండలో కిటికీ మీది గీతలన్నీ మెరుస్తాయి కాబట్టి మొదటిసారి తీసేవాళ్లు ఎండ లేని వైపే కూర్చోండి.

నాలుగో పని: కిటికీని లొంగదీసుకోవడం

విమానం కిటికీ గాజు కాదు, ప్లాస్టిక్ లాంటి అక్రిలిక్. దాని మీద వేల మంది వేలిముద్రలు, నూనె తలలు ఆనించిన మరకలు, సన్నటి గీతలు ఉంటాయి. కూర్చోగానే మెత్తటి గుడ్డతో, కళ్లజోడు తుడిచేది అయితే బాగుంటుంది, లోపలి వైపు తుడవండి. గట్టిగా రుద్దకండి, ఇంకో గీత పడుతుంది.

ముదురు రంగు చొక్కా వేసుకోండి. నేను ఒకసారి తెలుపు మీద నీలం గళ్ల చొక్కాతో ఎక్కాను. ఆ రోజు తీసిన పాలకొండల మీద అన్ని ఫొటోల్లోనూ ఆ గళ్లు మసక మసకగా పరుచుకుని ఉన్నాయి. ఇప్పుడు సంచిలో ఓ నల్ల శాలువా ఉంటుంది. దాన్ని లెన్స్ చుట్టూ, కిటికీ అంచు చుట్టూ కప్పితే లోపలి వెలుతురు అద్దం మీద పడదు. పక్కవాళ్లకు ముందే ఓ మాట చెప్పండి, వింతగా చూడరు. చాలాసార్లు వాళ్లే "ఇటు తిరిగింది చూడండి" అని చెప్తారు.

లెన్స్‌ను కిటికీకి వేలెడు దూరంలో పెట్టండి. దగ్గరగా ఉంటే గీతలు మసకబారి మాయమవుతాయి. కానీ ఆనించొద్దు. పంకాల అదురు కిటికీ నుంచి లెన్స్‌లోకి వస్తుంది. మోచేయి కూడా గోడకు ఆనకూడదు. చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని మీ శరీరంతోనే ఆ అదురును ఆపుకోవాలి.

మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఇంట్లో వదిలేయండి. ఈ కిటికీ వెనక అది పెడితే ఫొటో మీద ఇంద్రధనుస్సు మరకలు పడతాయి.

ఐదో పని: సెట్టింగులు

ఇది త్వరగా చెప్పేస్తాను. షటర్ స్పీడు సెకనులో వెయ్యో వంతు, అంతకంటే వేగంగా ఉన్నా మంచిదే. ఎఫ్ 5.6 నుంచి 8 మధ్య. గీతలు మరీ ఎక్కువుంటే ఎఫ్ 4కి దించండి. ఐఎస్‌ఓ ఆటో. ఫైల్ రా ఫార్మాట్‌లో. ఆటో ఫోకస్ కిటికీ గీతలను పట్టుకుని మోసం చేస్తుంటే దూరపు కొండ అంచు మీద ఒకసారి ఫోకస్ కుదిర్చి మాన్యువల్‌లోకి మార్చేయండి, ఇక దాన్ని ముట్టుకోవద్దు. లెన్స్ 24–70 లాంటిది ఒక్కటి చాలు. గండికోటలాంటి దూరపు వాటికి 70–200 ఉంటే సుఖం.

ఫోన్‌తో తీసేవాళ్లు అల్ట్రావైడ్ జోలికి పోకండి, కిటికీ చట్రం పడుతుంది. మామూలు లెన్స్, ఉంటే రెండు మూడు రెట్ల టెలి వాడండి. తెర మీద కొండను వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు అక్కడే నిలుస్తాయి. తర్వాత వెలుతురును కొంచెం తగ్గించండి. ఫోన్లు పైనుంచి తీసేటప్పుడు ఆకాశాన్ని తెల్లగా కాల్చేస్తాయి. ఫ్లాష్ ఆపేశారో లేదో చూసుకోండి.

ఆరో పని: ఏం తీయాలి

విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే సెకనుకు 140 మీటర్లు. కానీ కొండలు దూరంగా ఉంటాయి కాబట్టి కిటికీలో నిదానంగానే జరుగుతాయి. ఒక్కో కొండ ఒకటి రెండు నిమిషాలు మీ ఎదుట ఉంటుంది. తొందరపడకండి. అది మీ కిటికీకి సరిగ్గా ఎదురుగా వచ్చేదాకా ఆగి తీయండి, వాలుగా తీస్తే అద్దం మందం వల్ల బొమ్మ చెదురుతుంది.

కొండల తీరు తెలిస్తే చూపు మారుతుంది. మనది భూగర్భ శాస్త్రంలో కడప బేసిన్, అంటే రాతిపొరలు పేరుకున్న పెద్ద పల్లం. నెలవంక ఆకారంలో సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు. 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఇసుక, బురద పొరలు పొరలుగా పేరుకోవడం మొదలైంది. తూర్పున నల్లమలలో ఆ పొరలు ఒత్తిడికి నలిగి ముడతలు పడ్డాయి. పడమట ఎర్రమల వైపు చాలావరకు చదునుగానే ఉండిపోయాయి. ఈ తేడా కింద నుంచి తెలియదు, పైనుంచి పిల్లలకు కూడా తెలుస్తుంది. నల్లమల చీర కుచ్చిళ్లలా పక్కపక్కనే వరుసలు వరుసలుగా పోతుంది. నంద్యాలకు తూర్పున ఈశ్వరకుప్పం దగ్గర ఆ వరుసలు కోడిగుడ్డు ఆకారంలో చుట్టుకుని, అడ్డంగా కోసిన ఉల్లిపాయలా ఉంటాయి. ఎర్రమల కొండలకు బల్లలాంటి నెత్తి, అంచున నిలువుగా రాతిగోడ.

కాబట్టి నల్లమలను తీసేటప్పుడు ఆకాశం వదిలేయండి. చట్రం నిండా మడతలే ఉండాలి, అంచు నుంచి అంచుకు. ఆకాశం పెడితే చూపు అటు పోతుంది, మడతల లయ తెగిపోతుంది. ఎర్రమలకు దీనికి పూర్తిగా వ్యతిరేక పద్ధతి. ఆ చదును నెత్తి గీతలా కనిపించాలంటే వెనక మైదానం, పైన సన్నటి ఆకాశం కావాలి. క్షితిజం వంకరగా రాకుండా చూసుకోండి. విమానం వాలినప్పుడు మన కన్ను మోసపోతుంది, కెమెరాలో గ్రిడ్ గీతలు పెట్టుకుంటే తెలుస్తుంది.

అనంతపురం గుట్టలు వేరే జాతి. అవి గ్రానైట్. పై నుంచి చూస్తే ఎవరో గుగ్గిళ్లు కుప్పపోసినట్టు గుండ్రటి బండరాళ్లు. ఎత్తు నుంచి అవి అంతగా రాణించవు, తెల్లటి గాలిమరలు కొండ వీపు మీద వరుసగా ఉన్నచోట మాత్రం ఫొటో కుదురుతుంది. మర ఎంత పొడవో మనకు తెలుసు కాబట్టి కొండ ఎంతో అంచనా వస్తుంది. ఇలాంటి కొలత ప్రతి ఫొటోలో ఒకటి ఉండేలా చూడండి. చీనీ తోట చుక్కలు, ఊరి గుడి, రైలు పట్టాలు, ఏదైనా సరే. కొలత లేకపోతే నల్లమల ముడతలూ ఇసుక మీది గీతలూ ఒకేలా ఉంటాయి.

ఇక గండికోట. హైదరాబాద్ నుంచి వస్తూ విమానం కాస్త పడమర నుంచి తిరిగితే కుడి కిటికీలో దొరుకుతుంది. ముందు మైలవరం నీళ్లు పళ్లెంలా మెరుస్తాయి. వాటి నుంచి వెనక్కి చూస్తే ఎర్రటి కొండలో ఉన్నట్టుండి నల్లటి సందు. తూర్పు నుంచి చూస్తున్నాం కాబట్టి చూపు లోయ పొడవునా లోపలికి పోతుంది. ఉదయం తొమ్మిదికి ఒక గోడ ఎర్రగా, ఎదుటి గోడ పూర్తిగా నీడలో. నేలమీద కోట అంచున నిలబడి చూసినప్పుడు ఆ లోయ ఎంత పెద్దదనిపిస్తుందో తెలిసినవాళ్లకు, ఇంత చిన్న గీతగా చూడటం ఒళ్లు జలదరింపజేస్తుంది. దాన్ని చట్రం నడిమధ్య పెట్టకండి. మూలకు జరిపి, చుట్టూ ఉన్న విశాలమైన నేలను కూడా రానివ్వండి.

ఎత్తు తగ్గే చివరి పదిహేను నిమిషాలు బంగారం లాంటివి. రన్‌వే ఇంకా 10 కిలోమీటర్లు ఉందనగా విమానం నేల నుంచి 500 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. పాలకొండల అంచులు, ఎర్రగుంట్ల వైపు నాపరాతి గనుల చుట్టూ పోసిన తెల్లటి రాతి కుప్పలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ సమయంలో పెద్ద కెమెరా లోపల పెట్టమంటారు, పెట్టేయండి. ఫోన్ చాలు. కుదుపులో చేతిలోంచి జారిన కెమెరా ఎవరికి తగిలినా ప్రమాదమే.

ఏడో పని: నిబంధనలు

ప్రయాణికులు విమానం లోపలి నుంచి ఫొటోలు తీసుకోవచ్చని పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ 2004లోనే చెప్పింది. రక్షణ శాఖ విమానాశ్రయాల్లో మాత్రం తీయకూడదు. విశాఖలో నౌకాదళ విమానాశ్రయంలో దిగేట్టయితే దిగే ముందే కెమెరా సర్దేయండి. సిబ్బంది కిటికీ మూయమన్నా, తీయడం ఆపమన్నా వెంటనే వినండి. అత్యవసర ద్వారం పక్కన సంచులు పరచుకోకండి. బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సామానులోనే ఉండాలి.

ఎప్పుడైనా నాలుగు సీట్ల శిక్షణ విమానంలో ఎక్కే అవకాశం వస్తే అక్కడి సంగతి వేరే. సెస్నా 172 లాంటివాటిలో కిటికీ తెరుచుకుంటుంది, అద్దం బాధ ఉండదు. కానీ తెరవాలా వద్దా అనేది పైలట్ మాట. కెమెరా పట్టీ మెడకు ఉండాలి, లెన్స్ మూత, హుడ్ తీసి లోపల పెట్టాలి, లెన్స్‌ను కిటికీ అంచు దాటించకూడదు. బయటి గాలి దెబ్బకు చేతిలోది ఎగిరిపోతుంది. ఏ కొండ చుట్టూ ఎటు తిరగాలో నేలమీదే కాగితంపై గీసి చూపించండి, గాల్లో హెడ్‌సెట్‌లో వివరించేంత తీరిక పైలట్‌కు ఉండదు. పనిగట్టుకుని ఏరియల్ ఫొటోగ్రఫీ చేయాలంటే డీజీసీఏ అనుమతి ముందే తీసుకోవాలి.

ఇంటికొచ్చాక

ఫొటోలన్నీ నీలంగా, పాలిపోయి కనిపిస్తాయి. కంగారు పడొద్దు, మధ్యలో ఉన్న గాలి అలా చేస్తుంది. వైట్ బ్యాలెన్స్ కొంచెం వెచ్చగా మార్చి, మసకను తగ్గించే డీహేజ్ కొద్దిగా పెంచి, నల్లటి భాగాలను కిందికి లాగండి. మన ఎర్రనేల ఎరుపు మీకు గుర్తుంది కదా, ఆ ఎరుపు రాగానే ఆపేయండి. మబ్బు మరీ ఎక్కువున్న ఫొటోలను నలుపు తెలుపులోకి మార్చి చూడండి, నల్లమల వరుసలు అందులో ఎక్కువ బాగుంటాయి.

ఆ రోజే, మర్చిపోకముందే, ఫొటో తీసిన సమయాన్ని బట్టి మ్యాప్‌లో ఆ చోటు వెతికి ఫైలుకు పేరు పెట్టండి. వారం ఆగితే ఏ కొండ ఏదో చెప్పలేరు. తెలియనివి ఆ చుట్టుపక్కల ఊళ్ల పెద్దవాళ్లకు చూపించండి. వాళ్లకు కనుమల పేర్లు, వంకల పేర్లు తెలుసు, మ్యాప్‌లో అవి ఉండవు.

నేను బాగా వచ్చినవి ప్రింటు వేయించి మా నాయనకు ఇస్తాను. ఆయన వాటిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి వెనక బాల్ పెన్నుతో పేరు రాస్తాడు. ఒక్కదాని వెనక మాత్రం ఇంకా ఏమీ రాయలేదు. లంకమల వైపు, 1986లో కలివికోడి అనే అరుదైన పిట్ట మళ్లీ కనిపించిన పొదల అడవికి దగ్గర్లో, రెండు వంకలు కలిసే చోట ఒంటరిగా ఉన్న గుండ్రటి తిప్ప అది. "ఇది నేను ఎరగను అబ్బీ, పోయి చూద్దాం" అన్నాడు. వానలు తగ్గాక సిద్ధవటం మీదుగా బండి మీద వెళ్తున్నాం.